నిలువుదీపం, శిల్పం, న్యాయస్థానం

1926 అక్టోబరులో న్యూయార్కు రేవులో దిగిన కాన్‌స్టాంటిన్ బ్రాంకూసి శిల్పాల్లో ‘ఆకాశంలో పక్షి’ అనే నిడుపాటి కంచు రూపం ఒకటి ఉంది. రెక్కలు గాని, ముక్కు గాని, ఈకలు గాని కానరాని ఆ లోహఖండాన్ని శిల్పమని ఒప్పుకోవడానికి సుంకాధికారులకు మనసు రాలేదు. శిల్పమైతే సుంకం లేదు. లోహంతో చేసిన సామానైతే మూల్యంలో 40 శాతం. వారు దాన్ని వంటసామానూ ఆసుపత్రి సామగ్రీ చేరే పద్దులో వేశారు. దాన్ని సొంతం చేసుకున్న ఛాయాచిత్రకారుడు ఎడ్వర్డ్ స్టైకెన్ ఊరుకోలేదు. వ్యాజ్యం నడిచి, 1928 నవంబరులో తీర్పు శిల్పి పక్షాన వచ్చింది. ప్రకృతిలోని ఏ రూపాన్నీ అనుకరించకపోయినా, వృత్తిరీత్యా శిల్పి అయినవాడు స్వయంగా కల్పించిన, చూడడానికే తప్ప మరొక వినియోగం లేని వస్తువు శిల్పమే కాగలదని న్యాయస్థానం అంగీకరించింది. ఆధునిక కళకు దక్కిన విజయంగా ఈ తీర్పును చరిత్రకారులు కీర్తించడం న్యాయమే. అయితే ఆ విజయంతోపాటే, నిరుపయోగమే శిల్పానికి లక్షణమన్న పాత సరిహద్దురాయి మరికొంత లోతుగా పాతుకుపోయింది.

ఆ రాయికి అవతలి పక్కన మిగిలిపోయిన వస్తువుల్లో, తన స్థానం గురించి అందరికంటె ఎక్కువ వివాదం రేపింది నేలమీద నిలిచే విద్యుద్దీపం. నేటి గృహాలంకరణ దుకాణాలవారు ఫ్లోర్ ల్యాంపు అనేది. కుర్చీ కూర్చోవడానికి ఉన్నందున దాని ఆకారాన్ని మనిషి దేహం నిర్ణయిస్తుంది. గిన్నె రూపం అందులో పోసేదాన్ని బట్టి ఉంటుంది. నిలువుదీపానికి అలాంటి యజమాని లేడు. మనిషంత ఎత్తున, మనిషిలాగే ఒక మూల నిలబడి, పగలంతా ఏ పనీ లేక కేవలం రూపంగా ఉండి, చీకటి పడ్డాక గాని తన వినియోగాన్ని చూపని వస్తువు అది. 20వ శతాబ్దంలో శిల్పులు దీపాలవైపూ, దీపనిర్మాతలు తమకు తెలియకుండానే శిల్పంవైపూ నడిచి, చివరికి మ్యూజియాలూ వేలంశాలలూ న్యాయస్థానాలూ కలగజేసుకుని ఆ సరిహద్దును మళ్ళీ కొలవవలసి రావడానికి ఈ లక్షణం ఒక ముఖ్యకారణం. మిగిలిన కారణాలు సాంకేతికమైనవి, ఆర్థికమైనవి. వాటిని కాలక్రమంలో పరిశీలించడం మేలు.

జ్వాల ఉన్నంతకాలం దీపానికి స్వేచ్ఛ లేదు. చమురు కింద ఉండాలి, వత్తి పైకి రావాలి, మంట ఊర్ధ్వముఖంగానే వెలగాలి, దాని నెత్తిన పొగకు దారి ఉండాలి. మన ఇత్తడి సెమ్మెలైనా, ఐరోపా రాజప్రాసాదాల్లో కొవ్వొత్తులు మోసిన నిలువెత్తు స్తంభాలైనా ఈ నియమానికి లోబడినవే. అందుకే వాటన్నిటికీ వెడల్పాటి పీఠం, నిట్టనిలువు కాండం, పైన పళ్ళెం అన్న ఒకే అస్థిపంజరం. వాటిలో శిల్పనైపుణ్యం లేకపోలేదు, కాని అది ఆ అస్థిపంజరం మీద తొడిగిన అలంకారం మాత్రమే. అలంకారానికి వెచ్చించిన లోహం విలువ శిల్పి పనితనం కంటె ఎక్కువ కాబట్టి, అవసరం వచ్చినప్పుడు కరిగించడానికి ఎవరూ సంకోచించలేదు: 14వ లూయీ 1689లో యుద్ధవ్యయం కోసం వెర్సాయ్ ప్రాసాదపు వెండి సామగ్రిని టంకశాలకు పంపినప్పుడు దీపస్తంభాలూ అందులోనే పోయాయి. 1780లలో ఆర్గాండ్ దీపం, 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో కిరోసిన్ దీపం వెలుగును పెంచాయి గాని ఆకృతిని మార్చలేదు. గ్యాసు దీపమైతే గొట్టానికి కట్టుబడి, చాలావరకు గోడనో పైకప్పునో వదిలి రాలేకపోయింది.

1879-80 ప్రాంతాల్లో స్వాన్, ఎడిసన్‌లు రూపొందించిన బల్బు ఈ నియమాన్ని ఒక్కసారిగా రద్దు చేసింది. మంట లేదు కనుక బల్బును తలకిందులుగా వేలాడదీయవచ్చు, అడ్డంగా పెట్టవచ్చు, గొట్టంలో దాచవచ్చు. కాని రద్దయిన నియమాన్ని మరచిపోవడానికి మనుషులకు ఒక తరం పట్టింది. తొలి విద్యుద్దీపాలు కొవ్వొత్తులనూ కిరోసిన్ దీపాలనూ అనుకరిస్తూ బల్బును పైకే నిలబెట్టాయి. తర్వాత టంగ్‌స్టన్ తీగ, 1913లో ల్యాంగ్‌మ్యూర్ ప్రవేశపెట్టిన వాయువు నింపిన బల్బు వచ్చి వెలుగు కళ్ళు మిరుమిట్లు గొలిపేంత కావడంతో, దీపాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వెనకబడి, దాన్ని ఎలా కప్పాలన్నది ముందుకొచ్చింది. ఆ ప్రశ్నకు తొలి సమాధానాల్లో ఒకటి నాటకరంగం నుంచి రావడం యాదృచ్ఛికం కాదు. వెనిస్‌లో స్థిరపడిన స్పెయిన్ దేశీయుడు మరియానో ఫోర్చూని రంగస్థలం మీద పరోక్షకాంతిని ప్రయోగించినవాడు; ఆ బల్బుకు ముందే, 1907లో, అతడు రూపొందించిన నిలువుదీపం కెమెరాకు వాడే ముక్కాలిపీట వంటి దాని మీద నిలిచి, విప్పిన గొడుగు లాంటి ఛత్రంలోకి కాంతిని విసిరి, అక్కడ మెత్తబరచి తిరిగి గదిలోకి పంపుతుంది. పనిముట్టు తన పనిముట్టు స్వభావాన్ని దాచుకోకుండానే అందంగా ఉండగలదన్న భావానికి ఇది చాలా ముందస్తు నిదర్శనం.

రెండు ప్రపంచయుద్ధాల నడిమి కాలంలో ఈ భావం రెండు పాయలుగా చీలింది. ఒక పాయలో రూపాన్ని వీలైనంత తగ్గించడమే ధ్యేయం. ఐలీన్ గ్రే 1927లో ఒక నిలువు కడ్డీ పక్కన వెలుగు గొట్టాన్ని ఏ కప్పూ లేకుండా నగ్నంగా నిలబెట్టింది. మిలాన్‌లో ఫోంతానా ఆర్తె సంస్థకు పనిచేసిన పియెత్రో కియేజా 1933లో రూపొందించిన ‘లూమినాతోర్’ ఒక్క లోహపు గొట్టం. పైభాగాన అది పూవు విచ్చినట్టు వెడల్పై, లోపలి బల్బును పూర్తిగా దాచి, కాంతినంతటినీ పైకప్పుమీదికి ఎగజిమ్ముతుంది. ఇంతకంటె తక్కువ గీతలతో నిలువుదీపాన్ని గీయడం కష్టం. దీని సంతానం ఎంత విస్తరించిందో, అందులో ఒక శాఖ ఎంత అపకీర్తి మూటగట్టుకుందో ముందు చూస్తాం.

రెండో పాయ పారిస్‌లో కనిపిస్తుంది. గృహాలంకరణకర్త జాన్-మిషెల్ ఫ్రాంక్ కోసం 1930లలో శిల్పి అల్బెర్తో జాకొమెత్తీ, తమ్ముడు దియేగో సాయంతో, ప్లాస్టరుతోనూ కంచుతోనూ దీపాలు, కూజాలు, గోడ బ్రాకెట్లు చేశాడు. అతడి నిలువుదీపాల కాండాలు ఈజిప్టు సమాధుల్లో దొరికిన వస్తువుల్లా పురాతనంగా, వేలిముద్రలు ఆరని బంకమట్టిలా తాజాగా ఒకేసారి కనిపిస్తాయి. కడుపుకూటి కోసం చేసిన పనే అయినా, కూజాకు తాను పెట్టే శ్రద్ధ శిల్పానికి పెట్టే శ్రద్ధ కంటె తక్కువేమీ కాదన్నది అతడి వైఖరి. సర్రియలిస్టు మిత్రులకు ఇది రుచించలేదు. 1935లో ఆ బృందంతో అతడికి తెగతెంపులైనప్పుడు ఈ అలంకారవస్తువుల వ్యాపారం కూడా నేరారోపణల్లో చేరింది. విప్లవాన్ని ప్రబోధించే కవులు సంపన్నుల మందిరాలకు దీపాలు చేసినవాణ్ణి నిందించడంలో తర్కం ఉంది. కాని ఆ నింద వెనక, న్యూయార్కు సుంకాధికారి నమ్మిన సూత్రమే, ఉపయోగం కళను మలినపరుస్తుందన్న సూత్రమే, మరో వేషంలో ఉందన్న సంగతి వారు గమనించినట్టు లేదు.

1927లో పారిస్‌లో బ్రాంకూసి దగ్గర కొన్ని నెలలపాటు సహాయకుడిగా ఉలి పట్టిన యువకుల్లో ఇసాము నొగూచి ఒకడు. తండ్రి యోనె నొగూచి జపాన్ కవి. చైనామీద జపాన్ దండయాత్రను సమర్థిస్తూ 1938లో రవీంద్రుడికి లేఖలు రాసి, ఆయన నుంచి గట్టి జవాబు అందుకున్న వ్యక్తిగా భారతీయ పాఠకులకు అతడు పరిచితుడే. తల్లి అమెరికన్. తండ్రి చిన్ననాడే వదిలేసిన ఇసాముకు రెండు దేశాల్లోనూ పూర్తి హక్కు దొరకలేదు. 1942లో అరిజోనా ఎడారిలోని పోస్టన్ నిర్బంధశిబిరంలోకి అతడు తనంతట తాను వెళ్ళి, తిరిగి బయటపడడానికి నెలల తరబడి నిరీక్షించవలసి వచ్చింది. ఆ దశకంలో బల్బులను లోపల పొదిగి ‘లూనార్’ అనే పేరుతో అతడు చేసిన శిల్పాలు వెలుగును రాయితోనూ లోహంతోనూ సమానమైన శిల్పద్రవ్యంగా పరిగణించిన తొలి ప్రయత్నాల్లో చేరతాయి. 1949లో బోలింజెన్ సంస్థ ఇచ్చిన వేతనంతో ఐరోపా, ఈజిప్టు, భారతదేశం చుట్టి, జయపురం జంతర్ మంతర్‌లో ఖగోళ పరికరాలే వాస్తుశిల్పమై నిలిచిన తీరును చూసి, మరుసటి ఏడాది అతడు జపాన్ చేరాడు.

1951లో గిఫూ నగరానికి వెళ్ళడమే అతడి జీవితంలో దీపాల అధ్యాయానికి నాంది. నగారా నదిమీద రాత్రివేళ కాగడాల వెలుగులో నీటికాకులతో చేపలు పట్టించే ఆ ఊరికి కాగితపు లాంతర్లు తరతరాల వృత్తి; యుద్ధానంతరం అది క్షీణించింది, నగరపాలకులు సాయం కోరారు. అక్కడి పద్ధతిని కొంచెం దగ్గరగా చూడడం అవసరం. కోరిన ఆకారానికి తగ్గట్టు కోసిన చెక్కపలకలను నడుమ ఒక ఇరుసు చుట్టూ నిలబెట్టి అచ్చు తయారుచేస్తారు. పలకల అంచున ఉన్న గాట్లలో సన్నగా చీల్చిన వెదురుబద్దను పైనుంచి కిందికి సర్పిలంగా చుట్టుకుంటూ వస్తారు. కాగితపు మల్బరీ చెట్టు నారతో చేసిన వాషీ కాగితాన్ని పేలికలుగా కోసి బద్దల మీద జిగురుతో అతికి, ఆరాక అంచులు కత్తిరిస్తారు. తర్వాత లోపలి పలకలను ఒక్కొక్కటిగా మూతి గుండా ఊడబెరికితే, అచ్చు మాయమై గుల్ల మాత్రం నిలుస్తుంది. నొక్కితే అది చదునుగా ముడుచుకుంటుంది. నిలువెత్తు స్తంభాన్ని కూడా పలచని పెట్టెలో పెట్టి సముద్రాలు దాటించవచ్చు.

నొగూచి ఇందులో మార్చింది పరిమితం, కాని నిర్ణాయకం. కొవ్వొత్తిని తీసి బల్బు పెట్టాడు. సంప్రదాయపు చిత్రాలంకారాన్ని తొలగించాడు. గోళం, స్తంభం, ఒకదానిమీదొకటి పేర్చిన ఘనాలు, ఒరిగిన రూపాలు, ఇలా శిల్పశాలలో పుట్టిన ఆకారాలను అచ్చుకు ఎక్కించాడు. ‘అకారి’ అనే పేరుతో ఓజెకీ కర్మాగారంలో తయారై జీవితాంతం కొనసాగిన ఈ దీపాలు వందకు పైబడిన రూపాల్లో వచ్చాయి. వాటిని చవకగా అమ్మాలన్నది అతడి సంకల్పం. శిల్పమంటే బరువు, శిల్పమంటే ధర అన్న రెండు నమ్మకాలనూ ఒకే కాగితపు గుల్లతో సవాలు చేశాడనవచ్చు. ఫలితం మిశ్రమం. చవక కావడం వల్ల అవి లక్షల ఇళ్ళకు చేరే నకళ్ళకు మూలమయ్యాయి; చవక కావడం వల్లనే శిల్పమార్కెట్టు వాటిని చాలాకాలం లెక్కచేయలేదు. 1986లో వెనిస్ బియెనాలెలో అమెరికా మండపానికి ఎంపికైనప్పుడు, ‘శిల్పమంటే ఏమిటి?’ అన్న శీర్షిక కింద పాలరాతి పనుల సరసన అకారీలనూ పెడితే, కొందరు విమర్శకులు కనుబొమలు ముడిచారు. అప్పటికి అతడి వయసు 81; పరువు పోతుందన్న బెంగ ఉండే వయసు కాదది.

నొగూచి శిల్పం నుంచి దీపానికి వస్తే, ఇటలీలో అందుకు విపరీతమైన ప్రయాణం జరిగింది. జెనోవాలో విమానశాస్త్రం చదువుతూ కుటుంబవ్యాపారం దెబ్బతిని చదువు మానుకున్న జీనో సర్ఫాత్తీ 1939లో మిలాన్‌లో ఆర్తెలూచె సంస్థను స్థాపించి వందలాది దీపాలు రూపొందించాడు. వాటికి కవితాత్మకమైన పేర్లు పెట్టడం అతడికి ఇష్టముండేది కాదు. వరుస అంకెలే పేర్లు. 1954 నాటి 1063 సంఖ్య నిలువుదీపాన్ని చూస్తే ఆ స్వభావం బోధపడుతుంది. కార్యాలయాలకూ కర్మాగారాలకూ పరిమితమైన ట్యూబ్‌లైటును అతడు ఇంటి నడిమధ్యకు తెచ్చి నిట్టనిలువుగా నిలబెట్టాడు. ట్యూబ్‌లైటు వెలగాలంటే చోకు కావాలి, చోకు బరువైన పెట్టె. ఇతరులు దాచడానికి అవస్థపడే ఆ పెట్టెను అతడు కిందికి దించి, దీపం పడిపోకుండా కాచే బరువుగా వాడుకున్నాడు. గదిలో అది రంగువేసిన గీతలా కనిపిస్తుంది. పదేళ్ళ తర్వాత అమెరికాలో డాన్ ఫ్లేవిన్ ట్యూబ్‌లైట్లను గోడకు బిగించి గ్యాలరీలో ప్రదర్శించినప్పుడు కళావిమర్శ వాటిని శిల్పమంది. సర్ఫాత్తీ తన వస్తువును అలా పిలవమని ఎవరినీ అడగలేదు.

ఇదే కాలంలో ఇతర దేశాల్లో జరిగినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. స్వీడన్ నుంచి లాస్ ఏంజెలెస్ చేరిన గ్రెతా గ్రోస్‌మన్ 1947లో వెనక్కి ఒరిగిన ముక్కాలిమీద గొట్టపు ఛత్రాన్ని నిలిపి ‘మిడత’ అని పేరుపెట్టింది. పారిస్‌లో వెండిపనివాడైన సెర్జ్ మూయ్, గృహాలంకరణకర్త జాక్ అద్నె కోరిక మీద 1950ల ఆరంభంలో నల్లరంగు పూసిన సన్నని ఉక్కు కొమ్మలతో, ఎటైనా తిరిగే ఛత్రాలతో పెద్ద దీపాలు చేశాడు. ఇటాలియన్ దీపాలు మరీ జటిలమైనవని అతడి ఫిర్యాదు. ప్రతి ఛత్రాన్నీ చేత్తో మలచడం వల్ల సంఖ్య తక్కువ, ఆదాయమూ తక్కువ. ఆరోగ్యం కూడా సహకరించక, 1960లలో దీపాలు మానుకుని వెండిపనికీ బోధనకూ మళ్ళాడు. చేసినంతకాలం మూయ్‌కు పెద్దగా సంపాదించిపెట్టని ఆ దీపాలు తర్వాతి కాలపు వేలంశాలల్లో ఎంత ధర పలికాయో తలచుకుంటే, మార్కెట్టు విధించే తీర్పును కళావిలువతో సమానం చేయడం ఎంత ప్రమాదకరమో తెలుస్తుంది.

నిలువుదీపాల చరిత్రకు కేంద్రంలో, ఇష్టమున్నా లేకపోయినా, మిలాన్ నగరానికి చెందిన కాస్తిలియోనీ సోదరులను నిలపక తప్పదు. ముగ్గురన్నదమ్ముల్లో పెద్దవాడు లీవియో విడిపోగా, పియెర్ జాకొమో, అఖీలె కలిసి పనిచేసిన కాలమే ఇక్కడ ముఖ్యం. 1954లో వారు చేసిన ‘లూమినాతోర్’ కియేజా దీపానికి పేరులోనే కాదు, ఆలోచనలోనూ వారసురాలు. అయితే గొట్టం వ్యాసం బల్బు హోల్డరు పట్టేంత మాత్రమే, మూడు సన్నని కాళ్ళు విడదీస్తే ఆ గొట్టంలోనే సర్దుకుంటాయి. వస్తువుకు ఎంత తక్కువ సామగ్రి చాలునో తేల్చడం వారికి పద్ధతే కాక ఒక నైతికనియమం కూడా.

1962లో ఆ నియమం రెండు భిన్నఫలితాలనిచ్చింది. మొదటిది ‘ఆర్కో’. బల్లమీద వెలుగు పైనుంచి పడాలి. అందుకు పైకప్పుకు కన్నం వేయాలి. కన్నం వేశాక బల్లను జరపడానికి వీల్లేదు. ఈ చిక్కును వీధిదీపం విప్పింది: స్తంభం ఒకచోట, వెలుగు మరొకచోట. ఒకదానిలోంచి ఒకటి జారే స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీల చాపం రెండు మీటర్లకు మించి సాగి, బల్ల చుట్టూ కుర్చీలూ వాటి వెనక వడ్డించేవారు తిరిగే జాగా కూడా వదులుతుంది. చివర వేలాడే ఛత్రానికి చిల్లులున్నది అందానికి కాదు, బల్బు వేడి బయటికి పోవడానికి. ఇంత పొడుగు చాపం ముందుకు పడకూడదంటే వెనక బరువు కావాలి. తక్కువ ధరలో, తక్కువ జాగాలో ఎక్కువ బరువునిచ్చేది పాలరాయి కనుక సుమారు 65 కిలోల కరారా పాలరాతి దిమ్మె వచ్చింది. దాని అంచులు తగిలి గాయం కాకుండా మూలలు చెక్కారు. నడుమ ఒక గుండ్రటి రంధ్రం ఉంది. మొదటిసారి చూసినవారు దాన్ని హెన్రీ మూర్ శిల్పాల్లోని రంధ్రాలతో పోల్చాలని ఉబలాటపడతారు. అది చీపురుకర్ర దూర్చి ఇద్దరు మనుషులు దిమ్మెను ఎత్తడానికి పెట్టింది.

అదే ఏడాది రూపొందిన ‘తోయో’ మరింత మొండిది. అమెరికా నుంచి దిగుమతైన 300 వాట్ల కారు హెడ్‌లైటు ఒక కడ్డీ కొనకు ఎక్కింది. దాని వోల్టేజికి అవసరమైన ట్రాన్స్‌ఫార్మరు ఏ మూతా లేకుండా అడుగున కూర్చుని పీఠమైంది. తీగ చేపలగాలానికి వాడే ఉంగరాల గుండా పైకి పాకింది. బజారులో ఉన్నవాటిని ఏరి కూర్చడమే తప్ప కొత్తగా పోతపోసింది దాదాపు లేదు. మార్సెల్ ద్యుషాఁ 1913లో సైకిలు చక్రాన్ని బల్లకు ఎక్కించి నిరుపయోగం చేశాడు. కాస్తిలియోనీలు కారు దీపాన్ని కారులోంచి తీసి కూడా దీపంగానే ఉంచారు. సూక్ష్మమైన ఆ తేడాలో వారి వ్యంగ్యం కూడా ఉంది.

ఈ ఫలితాలన్నిటినీ వ్యక్తుల ప్రతిభకే ఆపాదించడం అతిశయోక్తి. 1950ల చివర ఇటలీలో ఇళ్ళ నిర్మాణం ఉద్ధృతమై, కొత్త మధ్యతరగతికి ఖాళీ గదులు దొరికాయి. తాతల నాటి బీరువాలు అందులో ఇమడలేదు. మిలాన్ చుట్టూ లోహాన్ని వంచేవారు, రాయిని కోసేవారు, గాజును ఊదేవారు చిన్న చిన్న కార్ఖానాలుగా వ్యాపించి ఉండడం వల్ల పది నమూనాలు చేయించడానికి పదివేల వస్తువుల ఆర్డరు అవసరం కాలేదు. నష్టాన్ని ఓర్చే కుతూహలం ఉన్న పారిశ్రామికులూ తోడయ్యారు: దీనో గవీనా, చేజరె కస్సీనా వంటివారి చొరవతో మెరానోలో మొదలై తర్వాత బ్రెష్యా ప్రాంతానికి మారిన ఫ్లోస్ సంస్థ ఈ దీపాలకు ఇల్లయింది, 1970ల తొలినాళ్ళలో సర్ఫాత్తీ ఆర్తెలూచెను కూడా అదే కలుపుకుంది. అయినా ఇవే పరిస్థితుల్లో వందలమంది పనిచేయగా, వాటిలో మిగిలిన వస్తువులు కొన్నే. పరిస్థితులు దారి చూపగలవు. చీపురుకర్రకు కన్నం పెట్టాలన్న ఊహ మాత్రం ఒక మనిషికి తట్టవలసిందే.

1971లో జేమ్స్ బాండ్ చిత్రమొకదానిలో ఆర్కో కనిపించింది. 1972లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియంలో ఎమీలియో అంబాస్ నిర్వహించిన ఇటాలియన్ గృహోపకరణాల ప్రదర్శన ఆ తరపు రూపకల్పనకు ప్రపంచఖ్యాతి తెచ్చింది. పియెర్ జాకొమో అప్పటికి నాలుగేళ్ళ క్రితమే మరణించాడు. ప్రదర్శన జరిగిన మరుసటి ఏడాది చమురు సంక్షోభం ఆ ఉత్సాహానికి కళ్ళెం వేసింది. సినిమాలో విలాసానికి సంకేతంగా కనిపించిన క్షణంలోనే ఆర్కో అర్థం కొంత మారిందనాలి. కన్నం వేయకుండా వెలుగును తేవడానికి పుట్టిన పరికరం, ఇంటివారి అభిరుచిని అతిథికి చాటే వస్తువైంది. పాలరాయిని బరువు కోసం ఎంచుకున్నారన్న సంగతి మరుగున పడి, పాలరాయి కనుక విలాసమన్న భావం మిగిలింది.

కియేజా లూమినాతోర్ వంశంలో ఒక అనాథశాఖ గురించి ముందు ప్రస్తావించాను. 1980లలో హ్యాలొజెన్ బల్బు చవకయ్యాక, పైకి వెలుగు చిమ్మే కడ్డీదీపాలు అమెరికా దుకాణాల్లో గుట్టలుగా వచ్చిపడ్డాయి. ఒక సన్నని కడ్డీ, పైన ఒక పళ్ళెం, లోపల 300 నుంచి 500 వాట్ల గొట్టం. గాజు కప్పు లేదు, తెర తగిలితే ఆపేది లేదు. 1997 జనవరిలో జాజ్ వాద్యకారుడు లయొనెల్ హ్యాంప్టన్ ఇల్లు ఇలాంటి దీపం పడి కాలిపోయాక జనం దృష్టి దీనిమీద పడింది. ఆ ఏడాదే వినియోగదారుల భద్రతా సంస్థ సుమారు 4 కోట్ల దీపాలకు రక్షణజాలీలు బిగించే చర్య ప్రకటించింది. కియేజా గొట్టం లోపలి లెక్క తెలియకుండా దాని బయటిగీతను మాత్రం నకలు చేస్తే ఏమవుతుందో ఇది చూపింది.

ఈ నకళ్ళ వ్యవహారమే చివరికి దీపాన్ని న్యాయస్థానానికి ఈడ్చింది. ఇటలీ 1941 నాటి గ్రంథస్వామ్య చట్టం పారిశ్రామిక వస్తువుకు కళాకృతి హోదా ఇవ్వడానికి ఒక విచిత్రమైన షరతు పెట్టింది: కళావిలువ ఆ వస్తువు పారిశ్రామిక స్వభావం నుంచి వేరుచేయదగినదై ఉండాలి. నగిషీ ఉన్న సెమ్మెకు ఈ షరతు వర్తిస్తుంది, ఎందుకంటే నగిషీని ఊహలో తీసివేసినా సెమ్మె సెమ్మెగానే ఉంటుంది. ఆర్కోలో తీసివేయడానికి ఏముంది? చిల్లులు తీస్తే బల్బు వేడెక్కుతుంది. దిమ్మె తీస్తే చాపం కూలుతుంది. రంధ్రం పూడ్చితే ఎత్తేదారి లేదు. అందం ఉపయోగంలో పూర్తిగా కరిగిపోవడమే దాని గొప్పదనమైతే, సరిగ్గా ఆ కారణానికే చట్టం దానికి రక్షణ నిరాకరించింది. 1998 నాటి ఐరోపా ఆదేశాన్ని అనుసరించి ఇటలీ 2001లో ఈ షరతును ఎత్తివేసి, సృజనాత్మకతా కళావిలువా ఉంటే చాలునంది. చైనా నుంచి ఆర్కోను పోలిన దీపాన్ని దిగుమతి చేసిన సెమెరారో సంస్థపై ఫ్లోస్ వేసిన దావాలో, 2011 జనవరి 27న ఐరోపా న్యాయస్థానం పాత నమూనాలకూ ఈ రక్షణను కాదనలేరని తేల్చింది. 2012లో మిలాన్ న్యాయస్థానం ఆర్కోకు కళావిలువ ఉందని అంగీకరించింది. మ్యూజియాలు సేకరించడం, విమర్శకులు మెచ్చడం అందుకు సాక్ష్యాలయ్యాయి. ఈ సాక్ష్యాల తీరుమీద ఒక అభ్యంతరం చెప్పక తప్పదు: మ్యూజియం మెచ్చింది కనుక కళ, కళ కనుక రక్షణ అనే వరుసలో ప్రఖ్యాతి పొందినవాడికే న్యాయం దొరుకుతుంది, మూయ్‌లా బతికుండగా మరుగునపడినవాడికి ఆ తలుపు తెరుచుకోవడం కష్టం.

పాత దీపాలను శిల్పాలుగా సేకరించే నేటి అలవాటు ఈ చట్టపు చర్చకు సమాంతరంగా పెరిగింది. అందులో ఒక సహజవైరుధ్యం ఉంది. శిల్పాన్ని ముట్టుకోకుండా కాపాడాలి. దీపాన్ని వెలిగించాలంటే దాని తీగ, హోల్డరు, స్విచ్చి అరవయ్యేళ్ళకు పెళుసెక్కి మార్చవలసి వస్తాయి. మార్చితే సేకర్త దృష్టిలో విలువ తగ్గుతుంది, మార్చకపోతే ఇంటికి ముప్పు. కాగితపు అకారీ పరిస్థితి మరింత సున్నితం: అది పసుపెక్కుతుంది, చిరుగుతుంది, చిరిగినప్పుడు కొత్త గుల్ల తొడగడం దాని నిర్మాణంలోనే ఉంది, కనుక ‘అసలు’ అన్న మాటకు అక్కడ పట్టు తక్కువ. తోయోకు అవసరమైన హెడ్‌లైటు బల్బు దొరక్క కొందరి దగ్గర అది వెలగని శిల్పంగా మిగిలింది. 2009 నుంచి 2012 వరకు ఐరోపా దశలవారీగా పాత తీగబల్బులను నిషేధించడంతో ఈ చిక్కు అందరిదీ అయింది. వేడి లేని ఎల్ఈడీ కాంతి కింద ఆర్కో ఛత్రపు చిల్లులకు ఇక పనేమీ లేదు. వాటిని పూడ్చాలని మాత్రం ఎవరూ అనుకోలేదు.

2022లో ఆర్కోకు అరవయ్యేళ్ళు నిండిన సందర్భంగా ఫ్లోస్ సంస్థ ‘ఆర్కో కె’ అనే పరిమిత శ్రేణిని, 2022 ప్రతులకు మించకుండా విడుదల చేసింది. పాలరాతి దిమ్మె స్థానంలో పారదర్శకమైన స్ఫటికపు దిమ్మె వచ్చింది. తక్కువ ధరలో ఎక్కువ బరువు అన్న 1962 నాటి లెక్కకు ఇక్కడ చోటు లేదు. స్ఫటికం ఖరీదైనది, ఖరీదు కనబడడానికే ఎంచుకున్నది. చాపం, ఛత్రం, చిల్లులు యథాతథం. చీపురుకర్ర దూర్చే రంధ్రాన్ని కూడా అదే చోట ఉంచారు.